లేస్ ముడత పడినా, గుండీ నోరు తెరిచినా: సొంతంగా కుట్టుకున్న డ్రెస్సులో తప్పు ఎక్కడుంది?

మెడ కుదిరింది. చేతులు కుదిరాయి. నడుము దగ్గర లూజు సరిపోయింది. తీరా లేస్ వేసి, గుండీలు కుట్టి, అద్దం ముందు నిలబడితే ఏదో తేడా కొడుతోంది. చాలామంది ఆ క్షణంలోనే కత్తెర తీసుకుని విప్పేస్తారు. కాసేపు ఆగండి. లేస్ మీద కనిపించే తప్పు లేసులోనే ఉండాలని లేదు. గుండీ దగ్గర కనిపించేది కటింగ్ రోజునే మొదలై ఉండొచ్చు. కారణం తెలియకుండా విప్పి కుడితే అదే తప్పు మళ్ళీ వస్తుంది, ఈలోపు బట్ట నిండా సూది చిల్లులు మిగులుతాయి. అందుకే కంటికి కనిపించే దగ్గర మొదలుపెట్టి ఒక్కో అడుగు వెనక్కి వెళ్దాం.

ఛాతీ దగ్గర రెండు గుండీల మధ్య సందు పడుతోంది

ముందు తెరుచుకునే డ్రెస్సుల్లో తరచూ వచ్చే బాధ ఇది. నిటారుగా నిలబడితే బాగానే ఉంటుంది. కూర్చోగానే, చేతులు వెనక్కి పెట్టగానే పట్టీ నోరు తెరుస్తుంది.

దీనికి రెండు కారణాలుంటాయి, రెండిటికీ మందు వేరు. ముందు ముడతల్ని చూడండి. గుండీ నుంచి చంక వైపు అడ్డంగా గీతలు లాగుతుంటే డ్రెస్సే బిగుతు. గీతలేమీ లేకుండా రెండు గుండీల నడుమ మాత్రమే చీలుతుంటే గుండీల చోటు తప్పు.

చోటు ఎందుకు తప్పుతుందంటే, మెడ నుంచి కింది దాకా టేపు పెట్టి సమానంగా పంచేస్తాం. చూపుకి బాగుంటుంది కానీ ఛాతీ నిండుగా ఉండే గీత సరిగ్గా రెండు గుండీల మధ్యకి వచ్చి పడుతుంది. మొదటి గుర్తు ఆ గీత మీదే పెట్టండి. అక్కడి నుంచి పైకి ఎంత దూరమో, కిందికీ అంతే. నడుముకి బెల్టు కట్టేట్టయితే ఆ గీత మీద గుండీ రాకుండా చూసుకోండి, లేకపోతే బెల్టు కింద ఉబ్బు కనిపిస్తుంది.

ఇప్పటికే కాజాలు కోసేశారా? వాటిని మార్చలేం. సందు పడే చోట పట్టీ లోపల చిన్న టిచ్ బటన్ ఒకటి కుట్టండి. సూది లోపలి పొరనే పట్టాలి, పై పొర దాటకూడదు. బయటికి ఏమీ తెలియదు.

డ్రెస్సే బిగుతైతే పక్క కుట్లు విప్పి మార్జిన్లోంచి లూజు ఇవ్వాలి. ఒక్కో అంచు దగ్గర పావంగుళం వదిలితే, రెండు పక్కలా ముందూ వెనకా కలిపి మొత్తం చుట్టుకొలతలో ఒక అంగుళం వస్తుంది. చాలా డ్రెస్సులకి అది చాలు. అందుకే పక్క మార్జిన్ అరంగుళం కంటే ఎప్పుడూ తగ్గించొద్దు.

ఇంకో సంగతి. లాగుడు పడే చోట నిలువు కాజా పెడితే గుండీ కాజాలో పక్కకి జరిగే వీల్లేదు, బట్ట లాగినప్పుడల్లా కాజా తెరుచుకుని గుండీ ఊడి వస్తుంది. అలాంటి చోట అడ్డ కాజాయే మేలు. గుండీ డ్రెస్సు ముందు భాగానికి సరిగ్గా మధ్యలో వచ్చే గీత మీద కూర్చోవాలి. అడ్డ కాజా మాత్రం ఆ గీత దాటి అంచు వైపుకి 3 మిల్లీమీటర్లు ముందుకొచ్చి మొదలవ్వాలి, ఎందుకంటే గుండీ ఎప్పుడూ ఆ కొసకే లాగబడి ఆగుతుంది. పల్చటి, వదులు డ్రెస్సులకీ, సన్నటి పట్టీలకీ నిలువు కాజా అందంగా ఉంటుంది, ఇబ్బందీ ఉండదు.

కాజా పెద్దదైంది, లేదా గుండీ దూరట్లేదు

గుండీ వెడల్పు మాత్రమే కొలిచారు, మందం మర్చిపోయారు. కాజా పొడవంటే గుండీ అడ్డకొలత, దానికి మందం కలపాలి. పల్చటి గుండీకి తేడా తెలియదు. బొద్దుగా, పైకి ఉబ్బిన గుండీకి తప్పకుండా తెలుస్తుంది. సన్నటి కాగితం పట్టీని గుండీ చుట్టూ బిగుతుగా తిప్పి, రెండు కొసలు కలిసిన చోట గీత పెట్టి, పట్టీ విప్పి సగానికి మడవండి. ఆ సగమే మీ కాజా కొలత. గోళీలా గుండ్రంగా ఉండే గుండీలకి కూడా ఇదే పని చేస్తుంది.

గుండీల అట్ట మీద కొన్నిసార్లు లైన్ అనే కొలత ఉంటుంది. 40 లైన్లు ఒక అంగుళం. అంటే 24 లైన్ల గుండీ దాదాపు 15 మిల్లీమీటర్లు, 18 లైన్లది 11 మిల్లీమీటర్లకు కాస్త పైన.

పెద్దదైన కాజాని ఒక కొస నుంచి అదే రంగు దారంతో చేత్తో దగ్గరగా నాలుగైదు కుట్లు వేసి కుదించొచ్చు. చిన్నదైతే కష్టం. కొస కుట్టు విప్పి, ముందుకి పొడిగించి మళ్ళీ కుట్టాకే కోయాలి. కోసేటప్పుడు కొస కుట్టుకి ఇవతల ఒక గుండుసూది అడ్డంగా గుచ్చండి. రిప్పర్ (కుట్లు విప్పడానికి, కాజా కోయడానికి వాడే చిన్న పనిముట్టు) జారినా ఆ సూది దగ్గర ఆగిపోతుంది.

కాజా అంచుల్లోంచి పీచు లేస్తుంటే, కాజా అలల్లా సాగి ఉంటే, లోపల ఫ్యూజింగ్ (బట్ట గట్టిగా నిలవడానికి ఇస్త్రీతో అంటించే పొర) లేదన్నమాట. కోయకముందే రఫ్ ముక్క మీద ఒక కాజా తీసి చూడాలి. ఆ ముక్కలో డ్రెస్సులో ఉన్నన్ని పొరలూ ఉండాలి: బట్ట, ఫ్యూజింగ్, మళ్ళీ బట్ట. ఒంటి పొర మీద చూసి సంతృప్తి పడితే డ్రెస్సు మీద మిషను మరోలా నడుస్తుంది.

గుండీ పెట్టగానే దాని చుట్టూ బట్ట గుంట పడుతోంది

గుండీని బట్టకి అతికించినట్టు బిగించి కుట్టారు. పై పట్టీ వచ్చి గుండీ కింద కూర్చోవడానికి చోటు కావాలి కదా. ఆ చోటునిచ్చేది దారపు కాడ.

గుండీ మీద రెండు రంధ్రాల మధ్య ఒక అగ్గిపుల్ల పెట్టండి. దాని మీదుగా దారం వేస్తూ ఐదారుసార్లు కుట్టండి. పుల్ల తీసేసి గుండీని పైకి లాగితే దారాలు వదులుగా నిలబడతాయి. సూదిని గుండీకీ బట్టకీ మధ్యకి తెచ్చి, ఆ దారాల చుట్టూ నాలుగైదు చుట్లు బిగించి తిప్పి, కిందికి దింపి ముడి వేయండి. గుండీ ఇప్పుడు బట్ట మీద చిన్న కాడ మీద నిలబడ్డ పువ్వులా ఉంటుంది. బట్ట ఎంత మందమైతే కాడ అంత పొడవు. వెనక రింగు ఉన్న గుండీలకి ఆ కాడ పుట్టుకతోనే ఉంది కాబట్టి ఈ పని అక్కర్లేదు. కానీ పల్చటి బట్ట మీద అవి పక్కకి వాలిపోతాయి.

గుండీతో పాటు బట్ట కూడా చిరిగి వస్తోందంటే గుండీ బరువు బట్ట మోయలేకపోతోంది. వెనక వైపు చిన్న చదునైన గుండీ ఒకటి పెట్టి రెండిటినీ కలిపి కుట్టండి. బరువు దాని మీద పడుతుంది.

లేస్ కుట్టాక అంచు ముడతలు పడింది

ఒక ప్రశ్న వేసుకోండి: ముడత ఉతక్కముందే ఉందా, ఉతికాక వచ్చిందా?

నేను కుట్టుకున్న మొదటి గౌను తెల్లటి నూలు లేసుతో, ఘేరా చుట్టూ రెండు వరసలు. కుట్టిన రోజు అంచు గీత గీసినట్టు పడింది. మొదటి ఉతుకులో తీగ మీంచి తీసేసరికి లేస్ పట్టు బిగిసి, మధ్యమధ్య బట్ట బుడగల్లా ఉబ్బి ఉంది. ఇస్త్రీ పెట్టి ఎంత లాగినా చల్లారగానే మళ్ళీ అదే వాలకం. బట్టని ముందే తడిపి ఆరేశాను, లేసుని తడపాలన్న ఆలోచన రాలేదు. రెండు వరసలూ విప్పి మళ్ళీ కుట్టాను. అప్పటి నుంచి లేస్ ఇంటికి రాగానే గోరువెచ్చటి నీళ్ళలో పడాల్సిందే.

ఉతికాక బట్ట ఉబ్బి, లేస్ బిగుసుకుంటే కుంచించుకుపోయింది లేస్. లేస్ అలలుగా లేచి, బట్ట చదునుగా ఉంటే కుంచించుకుపోయింది బట్ట. ఈ తేడా తెలిస్తే చాలు, మళ్ళీ ఏది ముందు తడపాలో తెలుస్తుంది. నూలు లేస్ కుంచించుకుపోతుంది, పాలియెస్టర్ లేస్ దాదాపు కుంచించుకుపోదు. పాలియెస్టర్ బాధ వేడి. ఇస్త్రీ గట్టిగా తగిలితే ముడుచుకుని మెరుపు తేలుతుంది. కాబట్టి మీద గుడ్డ వేసి, వెనక నుంచి ఇస్త్రీ చేయాలి.

ఉతక్కముందే ముడత ఉంటే తప్పు చేతిది. కుట్టేటప్పుడు లేసుని మనకి తెలియకుండానే ముందుకి లాగుతాం. లాగి కుట్టిన లేస్ వదలగానే వెనక్కి వస్తుంది, దాంతో పాటు బట్టనీ తెస్తుంది. లేసుని వదులుగా పరిచి, గుండుసూదులు దగ్గరదగ్గరగా గుచ్చి, ముందు కచ్చా కుట్టు వేసి, తర్వాత మిషను ఎక్కించండి. మిషను లేసునీ బట్టనీ దానంతట అదే తీసుకుంటుంది, చెయ్యి దారి చూపిస్తే చాలు. పల్చటి బట్ట అయితే పై దారం టెన్షన్ కాస్త తగ్గించి 11 నంబరు సూది వేయండి.

మెడ వంపు దగ్గర లేస్ పడుకోవట్లేదు, గొడుగులా లేస్తోంది

ఇది కుట్టు తప్పు కాదు, లెక్క. తిన్నటి లేసుకి రెండు అంచులూ ఒకే పొడవు. మెడ చుట్టూ తిప్పితే లోపలి అంచు తిరిగే దారి చిన్నది, బయటి అంచుది పెద్దది. ఒక అంగుళం వెడల్పు లేసుని నిండు వలయంగా చదునుగా పరిస్తే ఆ రెండిటికీ తేడా 6 అంగుళాలకు పైనే. మెడ చిన్నదైనా పెద్దదైనా తేడా అంతే. అది లేస్ వెడల్పుని బట్టే ఉంటుంది. అరంగుళం లేసుకైతే 3 అంగుళాలకు కొంచెం పైన. బయటి అంచుకి సరిపడా పొడవు తీసుకుంటే, లోపలి అంచులో ఆ మిగులుని ఎక్కడో ఇముడ్చుకోవాలి.

కొన్ని నూలు లేసుల తిన్నటి అంచులో ఒక పోగు విడిగా ఉంటుంది. దాన్ని మెల్లగా లాగితే లేస్ దానంతట అదే వంపు తిరుగుతుంది. ఆ పోగు లేకపోతే లోపలి అంచు వెంట పొడవాటి కుట్టు వేసి, దారం లాగి, సన్నటి కుచ్చుని ఆవిరి ఇస్త్రీతో అణచండి. మందపాటి, ఎంబ్రాయిడరీ లేసులు దీనికి లొంగవు. వాటికి భుజం కుట్టు దగ్గర, మెడ మలుపుల దగ్గర మడిచి కుట్టే చిన్న చిన్న డార్ట్‌లు వేయాలి.

నా మటుకు నేను గుండ్రటి మెడకి వెడల్పు లేస్ ఎంచుకోను. జిగ్‌జాగ్ లేస్, ఐమూలగా కత్తిరించిన పట్టీ వంపుకి చక్కగా ఒదుగుతాయి. వెడల్పు లేస్ మీద మనసు పడితే చతురస్రపు మెడ పెట్టుకోండి. మూల దగ్గర లేసుని ఐమూలగా మడిచి కుడితే ఫొటో ఫ్రేము మూలలా కుదురుతుంది.

లేస్ బాగానే ఉండి మెడే సాగి నిలబడితే సంగతి వేరు. మెడ వంపులో బట్ట ఐమూల మీద ఉంటుంది, ముట్టుకుంటేనే సాగుతుంది. కత్తిరించిన వెంటనే, ఇంకేమీ చేయకముందే, అంచు నుంచి కొద్ది దూరంలో ఒంటి పొర మీద ఒక కుట్టు వేసి ఉంచండి.

పైపింగ్ మెలి తిరుగుతోంది

పైపింగ్ అంటే లోపల తాడు పెట్టి అంచున కుట్టే సన్నటి పట్టీ. ఆ పట్టీ సరిగ్గా 45 డిగ్రీల ఐమూల మీద కోయలేదు. పడుగు, పేక రెండూ సమానంగా సాగితేనే పైపింగ్ తిన్నగా తిరుగుతుంది. దీనికి దిద్దుబాటు లేదు, కొత్త పట్టీ కోయడమే. లోపలి తాడు నూలుదైతే దాన్నీ ముందు తడపండి.

లేస్ రంగు బట్టకి అంటుకుంది

ఆరనివ్వొద్దు, ఇస్త్రీ అసలే వద్దు. తడిగా ఉండగానే చల్లటి నీళ్ళలో మళ్ళీ మళ్ళీ జాడిస్తే చాలావరకు వదులుతుంది. ఆరాక పట్టు చిక్కుతుంది. ముందు జాగ్రత్త రెండు నిమిషాల పని: లేస్ ముక్కని తడిపి, తెల్ల గుడ్డ మధ్య పెట్టి గట్టిగా నొక్కండి. ముదురు ఎరుపు, నీలం, నలుపు లేసులకి ఇది మానొద్దు.

కింద దారం గూడు కడుతోంది, కుట్లు వదిలేస్తోంది

గూడు కింద కనిపించినా తప్పు సాధారణంగా పై దారానిది. మిషను పాదం దించి దారం ఎక్కిస్తే టెన్షన్ బిళ్ళల మధ్యకి దారం వెళ్ళదు. పాదం పైకెత్తి మొదటి నుంచి ఎక్కించండి. కుట్లు వదులుతుంటే ముందు సూది మార్చండి. చెమ్కీల లేస్ మిషను కింద పెడితే సూది విరగొచ్చు, దాన్ని చేత్తోనే కుట్టుకోవాలి.

అన్నీ సరిగ్గా ఉన్నాయి, అయినా ఎబ్బెట్టుగా ఉంది

ఇక్కడ కుట్టు కాదు, ఎంపిక చూడాలి. మొదట బరువు. లేసుని బట్ట అంచుకి గుచ్చి, డ్రెస్సుని హ్యాంగరుకి తగిలించి ఒక రాత్రి వదిలేయండి. పొద్దున అంచు కిందికి జారి, బట్ట లాగినట్టుంటే ఆ లేస్ ఈ బట్టకి వద్దు. తర్వాత దూరం. చేతిలో పట్టుకుని చూసినప్పుడు ముచ్చటైన చిన్న పువ్వుల లేస్ ఆరడుగుల దూరం నుంచి మురికి గీతలా కనిపించొచ్చు. గుచ్చి, అద్దం ముందు వెనక్కి నడిచి చూడండి. ఫోనులో నలుపు తెలుపు ఫొటో తీస్తే ఇంకా తేటగా తెలుస్తుంది: లేస్ బట్టలో కలిసిపోతోందా, విడిగా అరుస్తోందా అన్నది అందులో దాగదు.

గుండీల విషయంలో నేను ఎక్కువసేపు ఆగేది ఉతుకు దగ్గర. చెక్క గుండీలు నీళ్ళలో ఉబ్బుతాయి, పూత పోయిన ఇనుప గుండీ తుప్పు మరక వేస్తుంది. రోజూ ఉతికే డ్రెస్సుకి అవి పెట్టొద్దు. బట్ట చుట్టిన గుండీల్లో లోపలి లోహం మెరుస్తూ కనిపిస్తే, పై బట్ట కింద ఇంకో పల్చటి లైనింగ్ ముక్క వేసి మళ్ళీ చుట్టాలి. దారం ఎంచుకునేటప్పుడు రీలు మీద చూసి తీసుకోకండి. ఒక పోగు విప్పి బట్ట మీద పరిస్తే రంగు కాస్త తేలికగా కనిపిస్తుంది, కాబట్టి రెండు రంగుల మధ్య తేల్చుకోలేకపోతే ముదురుది తీసుకోండి. ఇదంతా పగటి వెలుగులోనే చూడాలి.

గుండీలు కొనేటప్పుడు ఒకటి ఎక్కువ కొనండి. దాన్ని పక్క కుట్టు లోపల, మార్జిన్ మీద కుట్టేయండి. మిగతా వాటితో పాటే ఉతుకుతూ ఉంటుంది కాబట్టి రెండేళ్ళ తర్వాత కావలసి వచ్చినా రంగు తేడా రాదు.