వేగంలో ఊగే టూరింగ్ బండి: లక్షణం నుంచి కారణానికి

దూర ప్రయాణాలకు వాడే టూరింగ్ మోటారు సైకిల్ గురించి “స్పీడులో బండి ఊగుతోంది” అని చెప్పినంత మాత్రాన ఏ మెకానిక్కూ కారణం పట్టుకోలేడు. ఊగుతున్నది హ్యాండిల్ ఒక్కటేనా, బండి మొత్తమా అన్నది ముందుగా తేల్చుకోవాలి. హ్యాండిల్ మాత్రమే సెకనుకు సుమారు 6 నుంచి 10 సార్లు అటూ ఇటూ టకటకా కొట్టుకుంటుంటే దాన్ని వాబుల్ అంటారు. బండి అంతా, ముఖ్యంగా వెనక భాగం, సెకనుకు 2 నుంచి 4 సార్లు పాములా మెలికలు తిరుగుతూ ఊగితే అది వీవ్. వాబుల్‌కు కారణాన్ని ముందు చక్రం, ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే జంట కాళ్లు), స్టీరింగ్ బేరింగుల దగ్గర మొదట వెతకాలి. వీవ్‌కు వెనక చక్రం, స్వింగార్మ్ (వెనక చక్రాన్ని ఫ్రేముకు కలిపి పైకీ కిందికీ ఆడే చేయి), సామాను అమరిక దగ్గర వెతకాలి. అయితే వెనక బరువు మరీ ఎక్కువైతే ముందు చక్రం తేలికైపోయి వాబుల్ కూడా రావచ్చు కనుక, ఈ విభజనను గీత గీసినట్టు పాటించనక్కరలేదు.

ఊపు మొదలైన క్షణంలో బ్రేకు గట్టిగా నొక్కకూడదు, హ్యాండిల్‌ను బిగించి పట్టుకుని అదుపు చేయాలని చూడకూడదు. బిగుసుకున్న చేతులు ఊపును పెంచే సందర్భాలే ఎక్కువ. మోకాళ్లతో ట్యాంకును అదిమి పట్టి, ఒంటిని కొద్దిగా ముందుకు వంచి, చేతుల పట్టు సడలించి, థ్రాటిల్‌ను మెల్లగా మూస్తూ వేగం తగ్గనివ్వాలి.

లక్షణం: వేగం తగ్గుతూ గంటకు 80 నుంచి 60 కిలోమీటర్ల మధ్యకు వచ్చినప్పుడు, పట్టు వదులైతే హ్యాండిల్ వణుకుతుంది.

మొదటి అనుమానం ముందు టైరు మీద పెట్టాలి. బండి నడపక ముందే, టైరు చల్లగా ఉండగా గాలి కొలవాలి. కొంత దూరం నడిపాక కొలిస్తే అంకె ఎక్కువ చూపించి మోసం చేస్తుంది. తర్వాత అరచేతిని టైరు ట్రెడ్ మీద ఒక దిశలో, ఆపై ఎదురు దిశలో మెల్లగా జరిపి చూడాలి. ఒకవైపు నున్నగా, మరోవైపు రంపం పళ్లలా గరుకుగా తగిలితే టైరు ఎగుడుదిగుడుగా అరిగినట్టే. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. కొత్త టైరు వేయగానే వణుకు పోతుంది కాబట్టి పాత టైరుదే తప్పు అనుకుని వదిలేస్తారు. కానీ టైరు అలా అరగడానికి గాలి తక్కువగా ఉండటమో, ఫోర్కు డ్యాంపింగ్ (స్ప్రింగు ఊపును అణచే శక్తి) బలహీనపడటమో, స్టీరింగ్ బేరింగు వదులవడమో కారణమైతే, కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత వణుకు మళ్లీ వస్తుంది.

అందుకే టైరుతో పాటు స్టీరింగ్ బేరింగులనూ చూడాలి. బండిని సెంటర్ స్టాండు మీద నిలిపి, ముందు చక్రం నేలకు తగలకుండా లేపి, ఫోర్కు కాళ్ల కింది కొసలను రెండు చేతులతో పట్టుకుని ముందుకూ వెనక్కూ కదపాలి. మరొకరు స్టీరింగ్ తల దగ్గర, కదిలే భాగమూ కదలని భాగమూ కలిసే చోట, వేలు ఆనించి ఉంచితే బేరింగు వదులుగా ఉన్నప్పుడు చిన్న “టక్” వేలికి తెలుస్తుంది. ఆ తర్వాత హ్యాండిల్‌ను ఒక చివర నుంచి మరో చివరకు చాలా నిదానంగా తిప్పాలి. సరిగ్గా మధ్యకు రాగానే గుంటలో పడినట్టు ఆగితే బేరింగు రేసులో, అంటే గోళీలు దొర్లే ఉంగరంలో, గుంటలు పడ్డాయని అర్థం. వదులును నట్టు బిగించి సరిచేయవచ్చు. గుంటలు పడితే మాత్రం బేరింగు సెట్టు మొత్తం మార్చాల్సిందే. మరీ బిగించినా బండి నిటారుగా పోలేక నిదానంగా వీవ్ చేస్తుంది, కనుక సర్వీసు మాన్యువల్ చెప్పిన బిగువుకే పరిమితం కావాలి.

లక్షణం: టైరు మార్పించాక లేదా చక్రం విప్పి బిగించాక మొదలైంది.

బ్యాలెన్సు చేశారా, టైరు మీది బాణం గుర్తు తిరిగే దిశకు సరిపోయిందా అన్నది నిమిషంలో తేలుతుంది. టైరు అంచున రిమ్ముకు ఆనుకుని ఉండే సన్నని గీత చుట్టూ ఒకే దూరంలో కనిపించాలి. ఒకచోట లోపలికి మునిగితే టైరు సరిగా కూర్చోలేదు. అన్నీ సరిగా ఉంటే యాక్సిల్‌ను ఫోర్కు కొసలో నొక్కి పట్టే పించ్ బోల్టులను సడలించి, ఫోర్కును కొన్నిసార్లు కిందికి నొక్కి వదిలి, ఆపైన బిగించాలి.

లక్షణం: సామాను ఉంటేనే, అధిక వేగంలోనే వెనక భాగం ఊగుతుంది.

మొదట సామాను లేకుండా, అదే దారిలో, చట్టం అనుమతించే వేగంలోనే నడిపి చూడాలి. ఊపు పోతే తప్పు బరువుదో, దాని స్థానానిదో. టాప్ బాక్సు వెనక యాక్సిల్‌కు కూడా వెనక, ఎత్తులో ఉంటుంది కనుక అందులోని ఐదు కిలోలు పక్క పెట్టెల అడుగున ఉన్న అంతే బరువు కంటే ఎక్కువ చేటు చేస్తాయి. బరువైనవి పక్క పెట్టెల్లో, కింద, వీలైనంత ముందుకు సర్దాలి. వెనక షాకబ్జర్ ప్రీలోడ్‌ను (స్ప్రింగును ముందే నొక్కి ఉంచే బిగువును) బరువుకు తగ్గట్టు పెంచడం, టైరు గాలిని మాన్యువల్‌లో నిండు బరువుకు ఇచ్చిన అంకెకు తేవడం కూడా తప్పనిసరి. పెట్టెలు బిగించినప్పుడు పాటించాల్సిన గరిష్ఠ వేగాన్ని చాలా మాన్యువల్‌లు విడిగా చెబుతాయి. దాన్ని చదివేవారు తక్కువ.

సామాను తీసినా ఊపు పోకపోతే, వెనక చక్రాన్ని లేపి టైరును పైనా కిందా పట్టుకుని ఊపి చూడాలి. చక్రం మాత్రమే కదిలితే వీల్ బేరింగు, చక్రంతో పాటు స్వింగార్మ్ కూడా కదిలితే అది ఫ్రేముకు కలిసే చోటి పివట్ బేరింగు అరిగింది. చైను బండ్లలో చైను బిగువు సరిచేసే అడ్జస్టర్ మీది గుర్తులను నమ్మి ఊరుకోకుండా, చక్రాల వరుసను దారం పట్టి సరిచూడటం మేలు.

బ్రేకు వేసినప్పుడు మాత్రమే హ్యాండిల్ కొట్టుకుంటే అది ఎక్కువగా బ్రేకు డిస్కు సమస్యే. ముందు దాన్ని చూసి, అది సరిగా ఉంటే స్టీరింగ్ బేరింగు వదులైందేమో చూడాలి.

హ్యాండిల్ ఊపును అడ్డుకునే పరికరమైన స్టీరింగ్ డ్యాంపర్‌ను మొదటి మందుగా కొనవద్దు. అది వణుకును అణచిపెడుతుంది, వదులైన బేరింగు మాత్రం లోపల అలాగే ఉంటుంది. ఏ మరమ్మతు చేసినా ఒకసారికి ఒక్కటే మార్చి, ముందు సామాను లేకుండా, తర్వాత సామానుతో, వేగాన్ని పది పది కిలోమీటర్లుగా పెంచుతూ నడిపి చూడాలి. రెండు మార్పులు కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.