సరళరేఖలు గీద్దాం – 4వ పాఠం: జ్వరం గీత

పోయిన పాఠంలో చుక్కలు పెట్టి, స్కేలుతో కలపడం దాకా వచ్చాం. ఈసారి గీత సమీకరణంలో కనిపించే రెండు సంఖ్యల సంగతి చూద్దాం: వాలు, అంతరఖండం.

మన ఇళ్లలో ఒక తమాషా ఉంది. ఎండైతే "నలభై దాటింది" అంటాం, జ్వరమైతే "నూట రెండు ఉంది" అంటాం. మొదటిది సెల్సియస్, రెండోది ఫారెన్‌హీట్. రెండింటినీ కలిపేది ఒక సరళరేఖే:

వై = 1.8 ఎక్స్ + 32

ఇక్కడ ఎక్స్ సెల్సియస్, వై ఫారెన్‌హీట్.

గ్రాఫు కాగితం తీయండి. సెంటీమీటరుకు ఎక్స్-అక్షం మీద 10 డిగ్రీలు, వై-అక్షం మీద 20 తీసుకోండి. ఎక్స్ 0 అయితే వై 32, అంటే నీళ్లు గడ్డకట్టే చోటు. గీత వై-అక్షాన్ని తాకేది అక్కడే. ఆ 32 పేరే వై-అంతరఖండం. అక్కడ మొదటి చుక్క పెట్టండి.

ఇక వాలు. 1.8తో కుస్తీ పట్టేకంటే దాన్ని 9/5గా రాసుకోవడం నయం. కుడికి 5 జరిగితే పైకి 9 ఎక్కాలన్నమాట. ఇంత చిన్న అడుగులైతే చుక్కలు ఇరుక్కుపోతాయి కాబట్టి పదింతలు చేద్దాం: కుడికి 50, పైకి 90. రెండో చుక్క (50, 122). ఇంకో అడుగు వేస్తే (100, 212), నీళ్లు మరిగే చోటు. కలిపేయండి.

గీత 45 డిగ్రీల కోణం కన్నా కాస్త తక్కువ ఏటవాలుగా వచ్చిందా? వాలు 1.8 కదా, ఇంకా నిటారుగా ఉండాలేమోనని టెన్షన్ పడకండి. రెండు అక్షాల స్కేళ్లు వేరు. వాలును కంటికి కనిపించే కోణంతో కాదు, అక్షాల మీద చదివిన సంఖ్యలతో లెక్కగట్టాలి.

చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడ. భూమి వేడెక్కడాన్ని అదుపు చేయాలని దేశాలు కుదుర్చుకున్న 2015 పారిస్ ఒప్పందంలో చెప్పిన 1.5 డిగ్రీల సెల్సియస్ పెరుగుదల ఫారెన్‌హీట్‌లో ఎంత? సూత్రంలో వేస్తే 34.7 వస్తుంది. భూమి అంత వేడెక్కితే ఈ పాఠం చదవడానికి ఎవరూ మిగలరు! పెరుగుదల అంటే రెండు ఉష్ణోగ్రతల తేడా. రెండింట్లోనూ ఉన్న 32 తీసివేతలో ఎగిరిపోతుంది. మిగిలేది వాలు ఒక్కటే: 1.5 × 1.8 = 2.7.

ఇంటిపని: 104 జ్వరం సెల్సియస్‌లో ఎంతో గీత మీద చూసి చెప్పండి. తర్వాత రెండు అక్షాలనూ −50 దాకా పొడిగించి, అదే కాగితం మీద వై = ఎక్స్ గీత కూడా గీయండి. రెండు గీతలూ ఎక్కడ కలుస్తాయో రాసిపెట్టుకోండి. 5వ పాఠం అక్కడి నుంచే మొదలు.