పీడీఎఫ్‌లో ముహూర్తం మార్చిన కథ

మా అక్క కూతురి పెళ్లి కార్డులో ముహూర్తం రాత్రి 8.42కి బదులు 9.42 అని పడింది. ప్రెస్ వాళ్లు అసలు ఫైలు పోయిందన్నారు. మిగిలింది పీడీఎఫ్ ఒక్కటే.

లిబ్రే ఆఫీస్ డ్రా అనే ఉచిత బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో తెరిచాను. ప్రతి లైనూ విడి పెట్టె. పైగా అను ఫాంటు (యూనికోడ్ కాని పాత తరహా తెలుగు ఫాంటు), నా కంప్యూటర్లో అది లేదు. కాపీ చేస్తే తెలుగు బదులు ఏవో పిచ్చి గుర్తులు! ఒక్క అంకె మారిస్తే ఒత్తులన్నీ చెల్లాచెదురు. నిజానికి చాలా పీడీఎఫ్‌లలో పేరా అనేదే ఉండదు. ఏ అక్షరం బొమ్మ కాగితం మీద ఎక్కడ పడాలో ఉంటుంది.

చివరికి లైను ముట్టుకోలేదు. పీడీఎఫ్ పేజీని 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) బొమ్మగా మార్చి డ్రాలో పెట్టాను. తప్పు లైను మీద కార్డు రంగు పెట్టె కప్పి (రంగు కుదరడానికే అరగంట), పైన సురన్న యూనికోడ్ ఫాంటులో కొత్త లైను టైపు చేసి, మళ్లీ పీడీఎఫ్‌గా ఎగుమతి చేశాను. పేజీని బొమ్మగా మార్చినా మార్చకపోయినా, ఇలా పైన పెట్టె కప్పితే కిందిది ఫైల్లోనే ఉండిపోతుంది. బ్యాంకు నంబర్లు దాచడానికి అలా చేయకండి.

ఫాంటు తేడా మా బావ ఒక్కడే పట్టుకున్నాడు.