విప్పని ప్యాకెట్‌లోనే తుప్పు: చెన్నైలో వాడని తీగలు ఎందుకు పాడవుతాయి, ఏం చేయాలి

వీణ తీగల పొట్లం మీదగానీ గిటార్ సెట్టు మీదగానీ గడువు తేదీ ఉండదు. ఊరికే ఉన్నంత మాత్రాన ఉక్కు పాతబడదు. దాన్ని తినేది లోపలికి చేరే తేమా, ఉప్పుగాలీ. కాబట్టి తీగ ఎప్పుడు కొన్నదో లెక్కపెట్టే ముందు ఎలాంటి కవరులో, ఎక్కడ ఉందో చూడండి. సీలు చెదరని ప్లాస్టిక్ కవరులో ఏళ్ల తరబడి బాగుండే తీగ, సముద్రం ఒడ్డునున్న తిరువాన్మియూరులోనో బెసంట్ నగర్‌లోనో కాగితం పొట్లంలో ఉంటే ఒక్క వానాకాలానికే మచ్చపడొచ్చు.

ఉక్కు తీగ మీద గోధుమరంగు చుక్కలు

వీణ సారణి, పంచమం, తాళం తీగలు, గిటార్ సన్న తీగలు, వయొలిన్ ఇ తీగ: ఎక్కువ ఫిర్యాదులు వీటి మీదే. గిటార్ ఉక్కు తీగలకు సాధారణంగా తగరం పూత ఉంటుంది. పూత గీసుకుపోయిన చోటా, వంపు తిరిగిన చోటా తుప్పు మొదలవుతుంది. చుట్టగా కట్టి అమ్మే వీణ తీగలకు ఆ పూత కూడా ఉండకపోవచ్చు. పైగా కొట్లో నలుగురూ చేత్తో పట్టి చూస్తారు, ఆ చెమట ఉప్పు అలాగే మిగిలిపోతుంది.

పొడి నూలుగుడ్డతో తీగను చిటికెలో పట్టి ఈ కొస నుంచి ఆ కొసకు ఒకసారి లాగండి. గుడ్డకు మరక అంటి తీగ మెరిస్తే అది పైపై తుప్పే, నిశ్చింతగా వేసుకోవచ్చు. తర్వాత గోరు ఆనించి నడపండి. ఎక్కడైనా గోరు తట్టుకుందంటే అక్కడ గుంట పడింది, పారేయండి. వయొలిన్ ఇ తీగ మందం 0.26 మి.మీ. చుట్టుపక్కల ఉంటుంది. అంత సన్నదానిలో చిన్న గుంట పడ్డా బిగింపు ఒత్తిడంతా అక్కడే చేరుతుంది. ఉప్పుకాగితంతో రుద్ది వేసుకుందామనుకోకండి. మందం ఒక్కోచోట ఒక్కోలా తగ్గి, మెట్ల మీద స్వరం తప్పుతుంది.

శ్రుతి చేస్తుండగానే తెగిపోవడం

వెంటనే పాత స్టాకు అనేస్తారు. తెగిన ముక్క చూడకుండా ఆ మాట అనకూడదు. వేసిన ప్రతి తీగా ఒకేచోట, గుర్రం (తీగలను మోసే బ్రిడ్జి) మీదో బిరడ (తీగను బిగించే మర) రంధ్రం దగ్గరో తెగుతుంటే తప్పు తీగది కాదు, అక్కడి అంచు పదునెక్కింది. దాన్ని వాద్యాలు బాగుచేసేవారికి చూపించండి. మధ్యలో తెగి, కొస దగ్గర గోధుమ రంగు కనిపిస్తే తుప్పే. కొస శుభ్రంగా ఉండి పక్కనే చిన్న వంపు ఉంటే చుట్ట విప్పేటప్పుడు మెలిక పడిందని అర్థం. చుట్టను స్ప్రింగులా లాగకుండా, చేతిలో తిప్పుతూ విప్పాలి.

శ్రుతి దిగిపోవడం వేరే సంగతి. నైలాన్ తీగ కొత్తదైనా కొన్ని రోజులు సాగుతుంది, అది పాతదనానికి గుర్తు కాదు.

కొత్త చుట్టు తీగ మొద్దుగా పలకడం

లోపలి తీగ మీద సన్నటి లోహపు తీగ చుట్టి చేసిందే చుట్టు తీగ. దీనిది కంటికి కనపడని జబ్బు. వీణ మంద్రం, అనుమంద్రం, గిటార్ లావు తీగలు, వయొలిన్ జి తీగ పైకి బాగానే ఉంటాయి. చుట్లకూ లోపలి తీగకూ మధ్య తేమ చేరి తుప్పో చిలుమో పడితే చుట్ల కదలిక బిగుసుకుంటుంది, మోగింపు తొందరగా ఆగిపోతుంది. చుట్టు వదులైతే జరజరమంటుంది.

గిటార్ మీద పరీక్ష సులువు. 12వ మెట్టు (ఫ్రెట్) పైన తీగను నొక్కకుండా వేలు తేలిగ్గా ఆనించి మీటి హార్మోనిక్ పలికించి, అదే మెట్టు దగ్గర నొక్కి వాయించి ట్యూనర్‌లో పోల్చండి. మిగతా తీగలు సరిగా ఉండి ఇదొక్కటే తేడా చూపితే తీగ బరువు అంతటా ఒకేలా లేదన్నమాట. దానికి మందు లేదు, మార్చేయాల్సిందే.

రంగు మారినంత మాత్రాన భయపడనక్కర్లేదు. వెండి పూత నల్లబడటం, కంచు ముదురు రంగుకు తిరగడం చాలాసార్లు పైపైనే. తీగ చుట్టకు వేసిన రబ్బరు బ్యాండు వల్ల కూడా వెండి నల్లబడుతుంది, రబ్బరులో గంధకం ఉంటుంది కదా. పచ్చటి చిలుము చుట్ల సందుల్లోకి దిగితే మాత్రం వద్దు. చింతపండు, నిమ్మకాయ రుద్దారంటే పులుపు సందుల్లో మిగిలి పని ఇంకా చెడుతుంది. వయొలిన్ అల్యూమినియం చుట్టు మీద తెల్లపొడి లేచి గరుకు తేలితే అది మళ్లీ నునుపెక్కదు.

ఎలా దాచాలి

జిప్ కవరు, తేమ పీల్చే సిలికా జెల్ 5 గ్రాముల పొట్లం, మార్కర్ పెన్ను, ఇంతే సరంజామా. డాడారియో లాంటి కంపెనీలు తుప్పును ఆపే కవరులో సెట్టును సీలు చేస్తాయి. ఒక్క తీగ కోసం విప్పితే ఆ కాపు పోయినట్టే. మిగతావాటిని వెంటనే జిప్ కవరులోకి మార్చి, విప్పిన తేదీ రాయండి. సిలికా నారింజ గింజలది కొనండి, తడి పీలిస్తే ఆకుపచ్చకు తిరుగుతుంది. 110–120 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటలు ఉంచితే మళ్లీ పనికొస్తుంది. నీలం గింజల్లో కోబాల్ట్ ఉంటుంది, వాటిని వంటపాత్రల్లో వేడి చేయొద్దు.

పూతలేని ఉక్కు తీగకు కుట్టుమిషను నూనె ఒక చుక్క గుడ్డకు అద్ది పల్చగా పట్టించి దాచండి, వేసే ముందు పొడిగుడ్డతో తుడవండి. వీణ వాయించేటప్పుడు వేలికి రాసుకునే కొబ్బరినూనె సంగతి వేరు, దాచే తీగకు అది రాస్తే జిగటపడి దుమ్ము పడుతుంది. చుట్టు తీగలకు ఏ నూనె అయినా వద్దు.

బీరువాలో బయటిగోడకు ఆనని అర మేలు. వాద్యం పెట్టె జేబులో వాడిన తీగలతో కలిపి పెట్టకండి. ఏసీ గదిలో చల్లబడ్డ కవరును బయటికి తెచ్చి వెంటనే విప్పితే తీగ మీద నీరు కమ్ముతుంది. అరగంట ఆగి విప్పండి.

కొట్లో ఎండపడే అద్దం అర పక్కన వేలాడే ప్యాకెట్ వద్దని, లోపలిది అడగండి. ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, మార్గళి (డిసెంబరు–జనవరి తమిళ నెల) కచేరీలు వాటి వెనకే. అందుకని సెప్టెంబరులోనే పెద్ద మొత్తంలో కొని పెట్టుకోవడం తెలివైన పని కాదు. వీణకు రెండు మూడు సారణులు, రెండు పంచమాలు, మంద్రం, అనుమంద్రం ఒక్కొక్కటి ఉంటే సరిపోతుంది. తంబురాకు మాత్రం సారణి, అనుసారణి జతగానే కొని జతగానే మార్చండి. ఒకటి పాతదీ ఒకటి కొత్తదీ అయితే నాదం కలవదు.