రోహిణి కార్తెకు ముందే: ఎంఎస్ ఉన్నవారి ఇంట్లో సర్దుకోవాల్సినవి

ఇంట్లో మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్, మెదడు, వెన్నుపాములోని నరాల పొర దెబ్బతినే జబ్బు) ఉన్న మనిషి ఉంటే ఎండాకాలం సంగతి మార్చిలోనే ఆలోచించండి. నరాల మీదుండే మైలిన్ పొర దెబ్బతిన్నచోట ఒంటి వేడి అర డిగ్రీ పెరిగినా సంకేతాలు సరిగా పోవు, అందుకే పొద్దున గోడ పట్టుకుని బాత్రూంకి వెళ్లొచ్చిన మనిషి మధ్యాహ్నానికి మంచం దిగలేకపోవచ్చు, చూపు కూడా మసకబారొచ్చు. దాన్ని బద్ధకం అనకండి, నర్సుగా ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది.

జబ్బు తిరగబెట్టిందని వెంటనే టెన్షన్ పడనక్కర్లేదు. చల్లని గదిలో పడుకోబెట్టి, మెడకీ చేతులకీ తడి తువ్వాలు చుట్టి ఫ్యాన్ వేయండి, వేడి వల్ల వచ్చిందైతే ఒళ్లు చల్లబడ్డాక తగ్గుతుంది. స్పర్శ లేని చోట ఐసు నేరుగా పెట్టొద్దు, చర్మం దెబ్బతిన్నా వాళ్లకి తెలియదు. కాలే బండల మీద ఒట్టి కాళ్లతో నడవనివ్వకూడదన్నదీ అందుకే. తగ్గకుండా 24 గంటలు దాటితే న్యూరాలజిస్టుకి ఫోన్ చేయండి, ఈలోగా జ్వరం చూడండి, మూత్ర పరీక్ష చేయించండి, ఎందుకంటే మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినా కాళ్లు బిగుసుకుపోయి ఇలాగే కదల్లేకపోవచ్చు.

నన్ను ఎక్కువ భయపెట్టేది నీళ్ల విషయం. మూత్రం ఆపుకోలేమని చాలామంది, ముఖ్యంగా ఆడవాళ్లు, బయటికెళ్లే రోజు నీళ్లే మానేస్తారు, దాంతో మూత్రం చిక్కబడి మంట, ఇన్ఫెక్షన్, మలబద్ధకం అన్నీ వస్తాయి. గుండె, కిడ్నీ సమస్య లేకపోతే పగలంతా కొంచెం కొంచెంగా తాగించి, పడుకునే ముందు తగ్గించండి. కెథీటర్ (మూత్రం బయటికి తీసే గొట్టం) ఉంటే దాని సంచి పొత్తికడుపు కంటే కిందుండాలి, నేలకి తగలకూడదు.

మంచంలోనే ఉండేవారిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పండి, చెమటకి తడిసిన దుప్పటి వెంటనే మార్చండి. నడుము కింద, మడమల దగ్గర ఎరుపు నొక్కినా పోకపోతే పుండు మొదలవుతున్నట్టే.

కండరాల బిగుతు తగ్గించే బాక్లోఫెన్ మందు అయిపోయేదాకా ఆగకుండా ముందే తెచ్చుకోండి, ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ రావచ్చు. ఎంఎస్‌కి వాడే ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకడితే పనికిరావు. కరెంటు చాలాసేపు పోతే ఐస్ డబ్బాలో పెట్టండి కానీ గుడ్డ చుట్టి పెట్టండి, ఐసుకి తగలనివ్వొద్దు. ఒళ్లు కాలిపోతూ మాట తికమకగా ఉంటే మాత్రం ఎంఎస్ వల్లేలే అనుకోకండి, వడదెబ్బ కావచ్చు, ఒంటి మీద నీళ్లు పోస్తూనే 108కి ఫోన్ చేయండి.