ఉపగ్రహం చెప్పిన చోట వల వేయాలంటే: విశాఖ బోట్ల వాళ్ళకు

వేట ఖర్చులో పెద్దది డీజిల్. అందులోనూ చేప జాడ వెతకడానికి కాలే డీజిల్‌కు ఫలితమే ఉండదు. దాన్ని తగ్గించడానికే హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) చేపలు దొరికే చోట్ల వివరాలు ఉచితంగా ఇస్తోంది. ఉపగ్రహం నీటి పైపొర వేడినీ, రంగును బట్టి పత్రహరితాన్నీ కొలుస్తుంది. చల్లటి నీరు, వెచ్చటి నీరు కలిసే అంచున కంటికి కనిపించని నాచు పెరుగుతుంది. దాన్ని తినడానికి చిన్న జీవులు, వాటి వెనకే చేపలు చేరతాయి. అందుకే ఇది కానాగంతలు, కవళ్ళు, సూర లాంటి పైనీటి చేపలకు పనికొస్తుంది. అడుగున రొయ్యల కోసం ట్రాల్ వల లాగేవాళ్ళు దీన్ని నమ్ముకుని దారి మార్చుకోవద్దు.

ఇన్‌కాయిస్ ఇచ్చే సమాచార కాగితంలో తీరకేంద్రం పేరు, అక్కడి నుంచి చేపల చోటికి దిక్కు, ఆ దిక్కు కోణం డిగ్రీల్లో, దూరం, లోతు, అక్షాంశం, రేఖాంశం ఉంటాయి. తీరం వదిలి కొంత దూరం పోయాక ఫోన్ పనిచేయదు కాబట్టి బయల్దేరేముందే రాసుకోండి.

తప్పులు ఎక్కువగా జరిగేది జీపీఎస్‌లో ఎక్కించేటప్పుడే. అక్షాంశం డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో వస్తుంది. 17 డిగ్రీల 25 నిమిషాల 30 సెకన్లను దశాంశ డిగ్రీల్లో 17.425 అని కొట్టాలి. 17.2530 అని కొడితే సుమారు 19 కిలోమీటర్లు పక్కకు పోతారు. దూరం కిలోమీటర్లలో ఇస్తారు, జీపీఎస్ మాత్రం నాటికల్ మైళ్ళు చూపిస్తుంటుంది. 1 నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. కాగితంలోని 40 కిలోమీటర్లను నాటికల్ మైళ్ళనుకుంటే 74 కిలోమీటర్లు పోయినట్టే. లోతు మీటర్లలో ఉంటుంది, బారల్లో కావాలంటే 1.83తో భాగించండి.

మబ్బు కమ్మితే నీటి రంగు ఉపగ్రహానికి కనపడదు, ఆ రోజుల్లో సమాచారం రాకపోవచ్చు. పాత కాగితం పట్టుకుని వెళ్ళొద్దు, నీటి అంచు ప్రవాహంతో జరిగిపోతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం, అప్పుడు ఈ సమాచారం ఇవ్వరు. వాతావరణ హెచ్చరిక ఉంటే జాడ ఎంత బాగున్నా బోటు కట్టేయండి.

ప్రతి వేటకూ వెతికిన గంటలు, లీటర్లు, పడిన చేప, అమ్మిన ధర ఒక పుస్తకంలో రాయండి. గంటకు 10 లీటర్లు తాగే బోటుకు 4 గంటల వెతుకులాట తగ్గితే 40 లీటర్లు మిగులుతాయి. ఖర్చులు తీసేశాకే వాటాలు పంచుకునే పద్ధతిలో ఆ మిగులు బోటులో పనిచేసే కళాసీలకూ చేరాలి. పుస్తకం వాళ్ళ ముందే రాస్తే గొడవ ఉండదు.

అందరూ ఒకే చోటికి వెళ్తే ఒకే పొద్దున ఒకే చేప గుట్టలుగా దిగి వేలంలో ధర పడిపోతుంది. కేరళలో 1997 తర్వాత సెల్‌ఫోన్లు వచ్చాక కవళ్ళు పట్టేవాళ్ళు రేటు కనుక్కుని రేవు ఎంచుకోవడం మొదలుపెట్టారు, రేవుకో ధర ఉండే తేడా బాగా తగ్గింది, పారబోసే చేప దాదాపు లేకుండా పోయింది. ఇక్కడా సిగ్నల్ అందగానే భీమిలి, పూడిమడక రేవుల్లో రేటు అడగండి. చిన్న ఫైబర్ బోటైతే అటు తిప్పవచ్చు, కానీ అదనపు డీజిల్ పోగా కిలోకు ఎంత మిగులుతుందో ముందు లెక్క చూడండి. పెద్ద బోటుకు విశాఖ హార్బరే దిక్కు కాబట్టి, ఐస్ సరిపడా ఉంటేనే తర్వాతి వేలం దాకా ఆగండి.