తోలుబొమ్మనూ ప్రొజెక్టర్‌నూ ఒకే గదిలో పెట్టాలంటే

అనంతపురంలో ఒక హాలు పది రోజులకు దొరికిందనుకుందాం. తోలుబొమ్మలకు పేరుపడ్డ నిమ్మలకుంట ఊరి బొమ్మలు నాలుగు, ఓ కొత్త కళాకారిణి తీసిన వీడియో ఒకటి, రెండూ కలిపి చూపాలి. ఇలాంటి ప్రదర్శనను క్యురేట్ చేసేవాళ్లు, అంటే ఏది ఎక్కడ ఎలా చూపాలో నిర్ణయించేవాళ్లు, మొట్టమొదట తేల్చుకోవాల్సింది వెలుతురు సంగతి. ఏది ఏ వెలుతురులో కనబడాలో కాగితం మీద గీసుకున్నాకే మేకులూ తాళ్లూ కొనండి.

తోలుబొమ్మను గోడకు తగిలించి ఎదురుగా లైటు వేస్తే మట్టిరంగు చెక్కలా ఉంటుంది. మేకతోలును పలచగా గీకి, రంగులద్ది, చిల్లులు కొట్టేదంతా వెనక దీపం పెట్టినప్పుడు వెలగడానికే. ఆటలో బొమ్మ తెర వెనక ఉంటుంది, చూసేవాళ్లు తెర ఇవతల ఉంటారు. నాలుగింటిలో రెండిటిని అలాగే తెల్ల కాటన్ గుడ్డ వెనక ఉంచండి. మిగతా రెండిటిని గుడ్డకు ఇవతల పెడితే చిల్లుల పనితనం దగ్గరగా చూడొచ్చు. ఎల్‌ఈడీ ప్యానెల్ గుడ్డకు 30 సెంటీమీటర్ల వెనక ఉండాలి. ఇంకా దగ్గరికి జరిపితే గుడ్డ మీద బల్బుల చుక్కలు తేలతాయి. 2700 నుంచి 3000 కెల్విన్ పసుపు వెలుగే తీసుకోండి, ఆముదం దీపం రంగుకు అదే దగ్గర. తెల్లటి ట్యూబులైటు వెలుగులో బొమ్మల ఎరుపు చచ్చిపోతుంది.

ఇక్కడే చిక్కు. సహజ రంగులకు వెలుతురే శత్రువు. ఇలాంటి సున్నితమైన వస్తువులకు మ్యూజియంలు 50 లక్స్ (వస్తువు మీద పడే వెలుతురు కొలత) దాటనివ్వవు. ఏడాది మొత్తానికి 15,000 లక్స్-గంటలు (లక్స్‌ను వెలిగిన గంటలతో గుణిస్తే వచ్చేది) లెక్క పెట్టుకుంటాయి. రోజుకు 5 గంటల చొప్పున పది రోజులు 50 లక్స్ వేస్తే 2,500 అయిపోతాయి, అంటే ఏడాది కోటాలో ఆరో వంతు. అందుకే మనిషి దగ్గరికొచ్చినప్పుడే వెలిగే మోషన్ సెన్సర్ పెట్టండి. వెలుగును కొలిచేది బొమ్మ వెనకవైపు, దీపం నేరుగా తగిలే చోట. ఫోన్ యాప్ చెప్పే అంకె ఉజ్జాయింపే, లక్స్ మీటర్ ఒకటి అద్దెకో అరువుకో తెచ్చుకోండి.

బొమ్మను చేతులు పట్టి ఎత్తొద్దు. భుజాల దగ్గరా మోచేతుల దగ్గరా దారంతో కట్టిన కీళ్లుంటాయి, ముందు తెగేవి అవే. నడిమి కర్రనే పట్టుకోవాలి, వేలాడదీసేటప్పుడు కూడా బరువు దాని మీదే పడాలి. అనంతపురం ఎండాకాలం గాలిలో తోలు బిరుసెక్కి అంచులు చుట్టుకుంటాయి. గట్టిగా చదును చేయబోతే పగులుతుంది. ఫ్యాను గాలి, ఏసీ గాలి నేరుగా తగలనివ్వకండి. వీలుంటే నవంబరు నుంచి ఫిబ్రవరి లోపే ప్రదర్శన పెట్టండి. మూట కట్టడానికి ఉతికిన కాటన్ గుడ్డే మంచిది. పాలిథిన్‌లో చెమ్మ నిలిచి బూజు పడుతుంది. పురుగు మందు తోలు మీద ఎన్నడూ కొట్టొద్దు.

ప్రొజెక్టర్‌కు కావలసిందీ చీకటే, కాబట్టి రెండూ ఒకే గదిలో ఇమిడిపోతాయి. కానీ వీడియో వెలుగు బొమ్మల మీద పడకూడదు, అందుకని బొమ్మలను పక్కగోడకు మార్చండి. వీడియో తెరకు ఎదురుగోడ తెల్లసున్నంది అయితే వెలుగు తిరిగొచ్చి గది అంతా తెల్లబారుతుంది, దానికి ముదురు రంగు కంబళ్లు కట్టండి. సిమెంటు హాలులో మోగే ప్రతిధ్వని కూడా వాటితోనే తగ్గుతుంది. దూరం లెక్క తేలికే: త్రో రేషియో (తెరకు ఉన్న దూరాన్ని వీడియో వెడల్పుతో భాగిస్తే వచ్చేది) 1.5 ఉన్న ప్రొజెక్టర్‌తో 2 మీటర్ల వెడల్పున వీడియో రావాలంటే 3 మీటర్ల దూరం కావాలి. ఆ కొలతకు 3,000 ల్యూమెన్ల వెలుగిచ్చే ప్రొజెక్టర్ బాగా సరిపోతుంది.

కరెంటు పోవడానికి సిద్ధంగా ఉండాలి. బల్బు ఉన్న ప్రొజెక్టర్ వేడిగా ఉండగా ఒక్కసారిగా ఆరిపోతే లోపలి ఫ్యాను కూడా ఆగుతుంది, బల్బు ఆయుష్షు తగ్గుతుంది. మామూలు ప్రొజెక్టర్‌కు 250 నుంచి 300 వాట్లు కావాలి, దానికి తగ్గ ఇన్వర్టర్ పెట్టండి. వీడియోను 1080పీ ఎంపీ4గా పెన్ డ్రైవ్‌లో వేసి రిపీట్‌లో ఆడించండి. ల్యాప్‌టాప్ అయితే మధ్యలో అప్‌డేట్ అడిగి తెర మీద ఆ గొడవంతా చూపిస్తుంది.

ఇక బొమ్మల పక్కన, వీడియో పక్కన అంటించే వివరాల చీటీలు. తెలుగు ముందు, పెద్దగా. 24 పాయింట్ల అక్షరం, వరుసల మధ్య ఒకటిన్నర రెట్ల ఖాళీ. లేకపోతే పై వరుస వత్తులు కింది వరుస గుడులతో కలిసిపోతాయి. ఒక్కో చీటీ అరవై మాటలు దాటనివ్వకండి. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు అతికిస్తే సంయుక్తాక్షరాలు విడిపోతుంటాయి, కాబట్టి ఒక చీటీ అచ్చు వేయించి, చదివి చూశాకే మిగతావి ఇవ్వండి. క్యూఆర్ కోడ్ 3 సెంటీమీటర్లుండాలి, చీకటి గదిలో కాక వెలుగున్న గుమ్మం దగ్గర అంటించాలి.

చీటీ మీద పేర్ల విషయంలో మాత్రం రాజీ పడొద్దు. వీడియో తీసినామెకు పేరూ ఊరూ రాసి, బొమ్మల కింద "హస్తకళ, అనంతపురం" అని వదిలేయడం చాలాచోట్ల జరుగుతోంది. అది అన్యాయం. నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ఇచ్చారు. అలాంటి ఊరి నుంచి వచ్చిన పనికి చేసినవారి పేరు అదే సైజు అక్షరాల్లో ఉండాలి. ఆ ఊరు 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది, అదీ సరిగ్గా రాయండి.

కాగితం మీద ఒప్పందం రాసుకోండి. అద్దె ఎంత, రానుపోను ఖర్చు ఎవరిది, పాడైతే ఎంత ఇస్తారు. బొమ్మ కొన్నంత మాత్రాన కాపీరైట్ రాదు. 1957 చట్టం ప్రకారం అది మామూలుగా కళాకారుడి దగ్గరే ఉంటుంది, ఆయన బతికినంతకాలం, ఆపై 60 ఏళ్లు. కాబట్టి ఫోటోలు పోస్టర్‌కు వాడొచ్చా, 3డీ స్కాన్ చేయొచ్చా, ఏఐకి నేర్పడానికి ఇవ్వొచ్చా అనేవి మూడు వేర్వేరు ప్రశ్నలుగా అడిగి, మూడిటికీ విడివిడిగా సంతకం తీసుకోండి. ఒకదానికి సరేనంటే అన్నిటికీ సరేనన్నట్టు కాదు. చదవడం రానివాళ్లకు చదివి వినిపించి, అర్థమైందని తేల్చుకున్నాకే సంతకం పెట్టించండి. వీడియోలో ఏఐతో చేసిన దృశ్యాలుంటే ఆ సంగతి చీటీ మీదే చెప్పండి.

వేళలు సాయంత్రం 4 నుంచి రాత్రి 9 వరకు పెట్టండి. ఉదయం 10 నుంచి 5 అంటే కూలీ పనికీ దుకాణానికీ వెళ్లేవాళ్లెవరూ రాలేరు. నాలుగు కుర్చీలు వేయండి, పెద్దవాళ్లు వీడియో కూర్చుని చూస్తారు.

బొమ్మలు వచ్చిన రోజే ముందూ వెనకా ఫోటోలు తీసి, చిరుగులూ మరకలూ రాసిపెట్టుకోవాలి. చివరిరోజు అదే కాగితం పక్కన పెట్టుకుని బొమ్మ చేసినవారి ఎదుటే మళ్లీ చూసి, తేడా ఉంటే అక్కడే లెక్క తేల్చి, అద్దె చేతికిచ్చాకే మూట కట్టండి.